ఒక యూనిట్ అంటే ఒక మీటరు

యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా ఆట కట్టడం మొదలుపెట్టిన పిల్లలకు నేను మొదట చెప్పే మాట ఒకటే: ఇక్కడ ఒక యూనిట్ అంటే ఒక మీటరు. ఫోన్ తెర మీద ఆడే మామూలు ఆటల్లో ఈ లెక్క ఎవరికీ పట్టదు. తలుపు మూడు మీటర్లుంటే ఏం, మేక గేదెంత ఉంటే ఏం? తెర చిన్నది, మనం దానికి బయట ఉన్నాం. వర్చువల్ రియాలిటీలో అలా కుదరదు. హెడ్‌సెట్ పెట్టుకున్న మరుక్షణం మనిషి ఆ లోకం మధ్యలో నిలబడి ఉంటాడు. తలుపు ఎత్తు అర మీటరు పెరిగితే తానే పొట్టివాడైపోయినట్టు తోస్తుంది. ఏం తేడా వచ్చిందో నోటితో చెప్పలేడు గానీ ఒంటికి తెలిసిపోతుంది.

ఈ పిల్లలది గూడూరు. ఆ పేరుతో తెలుగు నేల మీద చాలా ఊళ్లున్నాయి. నేను చెప్పేది మహబూబాబాద్ జిల్లాది, 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉన్నది. చుట్టూ తండాలు, కోయగూడేలు, అడవి అంచున పొలాలు. ఇక్కడి నుంచి ఇంజనీరింగ్‌కు వెళ్లిన పిల్లలు సెలవుల్లో వచ్చినప్పుడు చివరి ఏడాది ప్రాజెక్టు గురించి మాట్లాడిపోతుంటారు. వీఆర్ గేమ్ చేస్తామంటారు. ఏం గేమ్ అంటే తుపాకులు, అంతరిక్షం, దయ్యాల బంగళా. అలాంటి బంగళాలో వాళ్లెవరూ అడుగుపెట్టి ఉండరు. భీముని పాదం జలపాతానికి మాత్రం అందరూ పోయొచ్చారు. మండలంలోనే, సీతానగరం దగ్గరి అడవిలో ఉంది. అందుకే అదే కట్టమన్నాను.

పట్నంలో తయారు ప్రాజెక్టులు అమ్మే సెంటర్లున్నాయి. డబ్బు కడితే కోడ్, రిపోర్టు, వైవాలో చెప్పాల్సిన జవాబులు అన్నీ చేతిలో పెడతారు. దీని మీద నాకున్న కోపం దాచుకోను. నాలుగేళ్ల చదువులో పిల్లవాడు తన చేతులతో ఏదైనా కట్టే అవకాశం వచ్చేది ఈ ఒక్కచోటే. దాన్ని కూడా కొనుక్కుంటే ఇక మిగిలేదేమిటి?

జలపాతం కడతామన్న పిల్లల ఆట చాలా చిన్నది. సాయంత్రం వేళ మేకలు తప్పిపోయాయి. మీరు దారి పక్కన బండ మీద నిలబడ్డారు. మేక మెడలో గంట చప్పుడు ఎటునుంచి వస్తోందో విని అటు తిరగాలి. పొదలో మేక కనబడితే రెండు సెకన్లు దాన్నే చూడాలి, అది మందలోకి వచ్చేస్తుంది. చీకటి పడేలోగా అన్నీ రావాలి. లోపల జరిగేదీ సులువే. చూపు మధ్యలో ఒక చుక్క, దానినుంచి ముందుకు సాగే కనిపించని గీత, మేక చుట్టూ కొలైడర్ అనే పెట్టె. గీత పెట్టెకు తగిలిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది. సీ షార్ప్ భాషలో పెద్ద కోడేమీ కాదు.

"సార్, మేకల ఆట ఎవలాడతరు?" అని ఒకడు సణిగాడు. చేశాక చూద్దువులే అన్నాను.

ఆడేవాణ్ని ఒకేచోట నిలబెట్టడానికి కారణం ఉంది. వాళ్ల దగ్గరున్నది అట్టపెట్టె, రెండు లెన్సులు, ఒక ఫోను. 2014లో గూగుల్ పారిస్ ఆఫీసులో డేవిడ్ కోజ్, డామియన్ ఆన్రీ అనే ఇద్దరు ఇంజనీర్లు తయారుచేసిన కార్డ్‌బోర్డ్ ఇదే. 2021లో గూగుల్ దాన్ని అమ్మడం ఆపేసింది, కానీ కొలతలూ సాఫ్ట్‌వేరూ అందరికీ అందుబాటులోనే ఉన్నాయి, అట్ట కోసుకుని ఎవరైనా చేసుకోవచ్చు. ఈ పెట్టెకు తల ఎటు తిరిగిందో తెలుస్తుంది, మనిషి ముందుకు అడుగేశాడని తెలియదు. అయినా సరే బొమ్మను మనమే ముందుకు నడిపిస్తే, కళ్లు నడుస్తున్నానంటాయి, చెవి లోపలి భాగం కదల్లేదంటుంది. ఆ తగాదాలో కడుపు తిప్పుతుంది. ఆడేవాడి కాళ్లు అతనివే, వాటిని మనం కదపకూడదు.

తల తిప్పడం తెలియాలన్నా ఫోన్‌లో గైరోస్కోప్ ఉండాలి. తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో అది ఉండదు. ప్రాజెక్టు పేరు రాసుకోకముందే చూసుకోవాల్సిన సంగతి ఇది.

ఇక కొలతలు. టేపు, నోటు పుస్తకం పట్టుకుని వానాకాలంలో జలపాతం దగ్గరికి వెళ్లారు. ఎత్తు సుమారు 70 అడుగులని చెబుతారు, అంటే 21 యూనిట్లు. బండలు, దారి వెడల్పు, చెట్ల మధ్య ఎడం రాసుకున్నారు. అక్కడే ఇంకో సంగతి బయటపడింది. నీళ్ల హోరులో మేక గంట వినపడదు. గదిలో కూర్చుని గీసుకున్న ప్లానులో ఆడేవాడు మడుగు ఒడ్డునే ఉన్నాడు. అతణ్ని దారి మీదికి, హోరు తగ్గి గంట తేలేచోటికి జరిపారు. దానివల్ల మరో మేలు జరిగింది. జలపాతమంటే ఇక్కడ పలక మీద కిందికి జారే నీళ్ల బొమ్మే, దగ్గర్నుంచి చూస్తే ఆరేసిన గుడ్డలా ఉంటుంది. మన రెండు కళ్ల మధ్య ఎడం సగటున 63 మిల్లీమీటర్లు. దగ్గరి వస్తువు లోతు ఎక్కువగా పట్టేది ఆ ఎడం వల్ల రెండు కళ్ల బొమ్మల్లో వచ్చే తేడాతో. దూరం పెరిగేకొద్దీ తేడా సన్నబడుతుంది, ఫోన్ తెర మీద మరీ త్వరగా. కాబట్టి దూరపు చెట్లు పలుచటి బొమ్మలైనా ఫర్వాలేదు. పక్కనున్న పొద మాత్రం ఆకు ఆకుగా నిజంగా ఉండాలి. కానీ ఆకులు పెరిగితే ఫోన్ మొరాయిస్తుంది. సెకనుకు 60 సార్లు, రెండు కళ్లకూ వేర్వేరుగా బొమ్మ గీయాలి. రెండు బొమ్మలకూ కలిపి ఒక్కోసారి దొరికేది 16 మిల్లీసెకన్లే. ఎక్కడ ఆకులు ఖర్చు పెట్టాలి, ఎక్కడ పొదుపు చేయాలి అనేదే ఆ నెలంతా వాళ్ల గొడవ.

1968లో అమెరికాలో కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్ పైకప్పుకు వేలాడే యంత్రాన్ని తలకు తగిలించి చూపింది ఉత్త గీతల డబ్బానే. రంగు లేదు, ఆకు లేదు. తల కదిలితే డబ్బా సరైన కోణంలో మారేది, అంతే. దాన్నే ఇప్పటికీ గుర్తుచేసుకుంటున్నాం. బొమ్మల అందం గురించి బెంగపడే పిల్లలకు ఈ కథ తప్పకుండా చెబుతాను.

ఆట సిద్ధమయ్యాక మేకలు కాసే పెద్దాయన కళ్లకు పెట్టెపెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. వెనక ఒక పక్కనుంచి గంట మోగింది. ఒక చెవికి ముందు, రెండోదానికి సెకనులో వెయ్యో వంతు కూడా లేని ఆలస్యంతో. ఆయన మెడ ఠక్కున సరైన వైపుకే తిరిగింది. ఎవరూ ఆట నేర్పలేదు. సినిమాలో ఎటు చూడాలో దర్శకుడు నిర్ణయిస్తాడు, ఇక్కడ చూపు ఆడేవాడిది, మనం పిలవగలం అంతే. ఆ పిలుపు ఎలా ఉండాలో ఆ మెడ చూపించింది.

మేకను చూశాక మాత్రం ఆయన ఒప్పుకోలేదు. "గిది మన మేక గాదు బిడ్డా. మన మేక నడుము నా మోకాలికి జానెడు పైకొస్తది, అంతే." ఇంటర్నెట్‌లో ఉచితంగా దించుకున్న బొమ్మ, ఏ దేశపు మేకో. ఆ సాయంత్రమే ఆయన మందలో మేకను పట్టుకుని టేపుతో కొలిచారు. సణిగినవాడే బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో దాని నడుము దించి, చెవులు సాగదీశాడు.

కాలేజీల్లో ప్రాజెక్టులు చూసే మాస్టార్లను ఒకటి అడగాలని ఉంది. రిపోర్టు పేజీలు లెక్కపెట్టే ముందు కొలతల నోటు పుస్తకం చూపమనండి. టేపుతో రాసిన అంకెలు, కొట్టేసినవి, తడిసి అలుక్కుపోయినవి ఉంటే మార్కులు వాటికివ్వండి. ఆ పుస్తకం ఏ సెంటర్లోనూ అమ్మరు.

తర్వాతి బ్యాచ్ పిల్లలు పాకాల చెరువు కట్ట చేస్తామంటున్నారు. కాకతీయుల కాలం నాటి పొడవాటి కట్ట, టేపు చాలదు. ఒకడు అడుగులేసి కొలుద్దామన్నాడు. ముందు నీ అడుగు ఎన్ని సెంటీమీటర్లో కొలిచి రాయమన్నాను.