రెండు కిటికీల కెమెరా

రేంజ్‌ఫైండర్ కెమెరా ముఖం మీద, లెన్స్‌కు పైన, రెండు చిన్న గాజు కిటికీలు ఉంటాయి. కన్ను ఆనించి చూసేది ఒకదానిలోంచి. రెండోది దానికి కొన్ని సెంటీమీటర్ల ఎడంగా ఉంటుంది. ఆ రెండో కిటికీలోకి వచ్చిన బొమ్మను లోపలి అద్దాలు మళ్లించి, మొదటి బొమ్మ నడిమధ్యన చిన్న వెలుతురు మచ్చలా పడేస్తాయి. ఫోకస్ కుదరనంతసేపు ఆ మచ్చలో ఎదుటి మనిషికి రెండు ముక్కులుంటాయి. లెన్స్ మీది రింగు తిప్పుతూ పోతే అవి దగ్గరికి జరిగి ఒకటవుతాయి. ఒకటైనచోట ఫోకస్ కుదిరినట్టు.

ఇందులో కరెంటు పని ఏమీ లేదు, ఉన్నదంతా త్రికోణమే. బొటనవేలు ముఖానికి ఎదురుగా పెట్టుకుని ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూస్తే వేలు పక్కకు దూకినట్టు కనిపిస్తుంది. వేలు దగ్గరైనకొద్దీ దూకుడు పెరుగుతుంది. ఆ దూకుడే రేంజ్‌ఫైండర్‌కు కొలబద్ద. కిటికీల మధ్య ఎడం 69 మిల్లీమీటర్లు అనుకుంటే, మీటరు దూరంలోని వస్తువు వైపు రెండు చూపులు కలిసే కోణం సుమారు 4 డిగ్రీలు. పది మీటర్లకు అది 0.4 డిగ్రీ, వంద మీటర్లకు 0.04 డిగ్రీ. లెన్స్ ముందుకూ వెనక్కూ జరిగినప్పుడు దాని వెనక చెక్కిన వంపు కెమెరా లోపలి చిన్న చక్రాన్ని నెడుతుంది, చక్రం ఒక మీటను, మీట ఒక అద్దాన్ని లేదా పట్టకాన్ని కదుపుతుంది. కోణాలు దూరంతోపాటు ఎంత వేగంగా సన్నబడిపోతున్నాయో చూస్తే, ఈ యంత్రం దగ్గరి మనిషి కోసమే పుట్టిందని తెలిసిపోతుంది.

1925లో జనం చేతికొచ్చిన మొదటి లైకా కెమెరాకు ఈ సదుపాయం లేదు. దూరం కళ్లతో అంచనా వేయాలి, లేదా విడి రేంజ్‌ఫైండర్ ఒకటి పైన తగిలించుకుని, అది చెప్పిన అంకెను లెన్స్ మీద పెట్టుకోవాలి. 1932లో లైకా 2, కాంటాక్స్ అనే మరో కెమెరా రెండూ రేంజ్‌ఫైండర్‌ను లెన్స్‌తో ముడివేశాయి. అప్పటికీ లైకాలో ఫోకస్ చూసే రంధ్రం వేరు, ఫ్రేమ్ చూసే రంధ్రం వేరు. రమణ మహర్షి నిర్యాణం చెందిన 1950 ఏప్రిల్ 14న అరుణాచలంలో ఉన్న ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ఆన్రీ కార్తియే-బ్రెసాన్ తరానికి అలవాటైన కెమెరాలు ఇవే. లైకాలో ఆ రెండు రంధ్రాలూ ఒకే కిటికీగా కలిసింది 1954లో వచ్చిన ఎం3లో.

డిజిటల్ కాలంలోకి ఈ పద్ధతిని ముందుగా తెచ్చింది లైకా కాదు. 2004లో ఎప్సన్ ఆర్-డి1 అనే ఆరు మెగాపిక్సెళ్ల కెమెరా తెచ్చింది. లైకా ఎం8 2006లో, పూర్తి ఫ్రేమ్ సెన్సర్‌తో ఎం9 2009లో వచ్చాయి. లోపల ఫిల్మ్ స్థానంలో సెన్సర్ కూర్చుంది, పైనున్న మీటా అద్దమూ అలాగే ఉన్నాయి.

ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ దారి వేరు. దానికి బయటి లోకంతో నేరుగా సంబంధమే లేదు. వెలుతురు లెన్స్‌లోంచి సెన్సర్ మీద పడుతుంది, సెన్సర్ చదివినదాన్ని కంటి దగ్గరున్న చిన్న తెర మళ్లీ చూపిస్తుంది. అంటే ఫొటో తీయకముందే ఫొటోను చూడటం. 2008లో పానసోనిక్ జీ1తో అద్దంలేని మార్పిడి-లెన్సుల కెమెరాల్లో ఇది స్థిరపడింది. అమ్మకాల కాగితాల మీద కనిపించే 'డాట్' లెక్క కొంచెం మోసం చేస్తుంది. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు డాట్లు లెక్కేస్తారు. కాబట్టి 23.6 లక్షల డాట్ల తెర అంటే 1024 గుణించు 768 పిక్సెళ్లే, 57.6 లక్షలంటే 1600 గుణించు 1200. కంటికి నిజంగా హాయినిచ్చేది ఈ రెండో మెట్టు నుంచి పైన.

రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి ఆంధ్రప్రదేశ్‌లోని నాయుడుపేట మంచి చోటు. పడమటికి వెళ్తే వెంకటగిరి మగ్గాలు, దక్షిణానికి వెళ్తే దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు పక్షుల కేంద్రం, తూర్పున పులికాట్, శ్రీహరికోట.

వెంకటగిరిలో గుంట మగ్గం ఉన్న గదిలో వెలుతురు ఒక కిటికీదో, ఒక బల్బుదో. నేతగాడు రెండు మీటర్ల దూరంలో, నేలమట్టానికి కూర్చుని ఉంటాడు. ఇది రేంజ్‌ఫైండర్ రాజ్యం. లెన్స్ రంధ్రాన్ని ఎంత చిన్నది చేసినా కిటికీ చీకటి పడదు. గదిలో కంటికి ఎంత కనిపిస్తే అంతా కనిపిస్తుంది. లెన్స్ చూసే మేరను కిటికీలో తెల్లని గీతలు మాత్రమే సూచిస్తాయి, గీతల బయట కూడా గది ఉంటుంది. పోగును మోసే నాడె ఏ వైపు నుంచి వస్తుందో, పక్కనున్న పిల్లవాడు ఎప్పుడు ఫ్రేమ్‌లోకి దూరతాడో ముందే తెలుస్తుంది. తెర చూపించే వ్యూఫైండర్‌లో అంచు దాటితే ఏమీ లేదు. అదే గదిలో అది బొమ్మను బలవంతంగా వెలిగించి గరుకు గరుకుగా చూపిస్తుంది.

అయితే ఆ గదిలోనే రేంజ్‌ఫైండర్ నిలువునా మోసపోయే చోటూ ఉంది. అది రెండు బొమ్మలను అడ్డంగా జరిపి కలుపుతుంది కనుక దానికి నిలువు అంచు కావాలి. పడుగు పోగులు నిలువుగానే ఉంటాయి, కానీ వందలకొద్దీ ఒకేలా. మచ్చలో ఒక పోగు పక్క పోగుతో కలిసిపోయినా అంతా సరిగ్గా కుదిరినట్టే కనిపిస్తుంది. గళ్ల చీరలు, రైల్వే కంచెలు కూడా ఇంతే. పని తెలిసినవారు పోగుల జోలికి పోకుండా నేతగాడి చెవి అంచు మీదో, మగ్గం గుంజ మీదో ఫోకస్ చేస్తారు. అంచు అడ్డంగా ఉంటే కెమెరానే నిలువుగా తిప్పుతారు.

అసలు చాలాసార్లు మచ్చ వైపు చూడాల్సిన పనీ ఉండదు. 35 మిల్లీమీటర్ల లెన్స్‌ను రంధ్రం ఎఫ్8 దగ్గర పెట్టి మూడు మీటర్లకు ఫోకస్ చేస్తే, దాదాపు రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా అన్నీ చాలినంత స్పష్టంగా వస్తాయి. బస్టాండులో, సంతలో తీసేవారికి ఈ లెక్క వేళ్లకు కంఠతా వచ్చి ఉంటుంది. రింగు మీది పిడిని తడిమి, కన్ను పెట్టకముందే దూరం సరిచేస్తారు. ఈ విద్యలో తేలికగా జరిగే తప్పు ఒకటుంది: కిటికీ లెన్స్‌లోంచి చూడదు కాబట్టి లెన్స్ మూత తీయకపోయినా లోకం చక్కగా కనిపిస్తూనే ఉంటుంది.

నేలపట్టులో కథ తిరగబడుతుంది. చెరువులోని నీటి కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. చూసేవారు గట్టు మీదే ఆగాలి. ఇక్కడ కావలసింది 400, 600 మిల్లీమీటర్ల లెన్స్. రేంజ్‌ఫైండర్ కిటికీలో గీతలు మామూలుగా 135తోనే ఆగిపోతాయి, ఆ గీతల పెట్టెలో గూడబాతు ఆవగింజంత. ఇంత దూరానికి కోణాలూ కొలవలేనంత సన్నం. ఎలక్ట్రానిక్ తెర మాత్రం పొడవాటి లెన్స్ చూసిందంతా నిండుగా చూపిస్తుంది, పక్షి కంటిని తానే పట్టుకుంటుంది, తెల్లని రెక్క మీద వివరం మాడిపోతోందో లేదో ముందే చెబుతుంది. దాని పాత లోపం ఆలస్యం. సెకనుకు 60 బొమ్మలు చూపే తెరలో ఒక్కో బొమ్మకు దాదాపు 17 మిల్లీసెకన్లు. సెకనుకు 15 మీటర్ల వేగంతో ఎగిరే పక్షి ఆలోపు పాతిక సెంటీమీటర్లు జరిగిపోతుంది. 120 బొమ్మల తెరతో అది సగమవుతుంది. 2016 నాటి ఒలింపస్ కెమెరా ఒకటి ఈ లోపాన్ని తలకిందులు చేసింది. బటన్ సగం నొక్కి ఉంచితే, పూర్తిగా నొక్కడానికి ముందు క్షణాల బొమ్మలను కూడా అది దాచుకుంటుంది. కొమ్మ వదిలి లేచే పక్షి విషయంలో మనిషి వేలు ఎప్పుడూ ఆలస్యమే, ఆ ఆలస్యం ఇక లెక్కలోకి రాదు.

శ్రీహరికోట రాకెట్ రాత్రిపూట గీసే వెలుగు గీతను తీసేవారికి ఈ తగవు దాదాపు పట్టదు. కెమెరా స్టాండు మీద ఉంటుంది, షట్టర్ నిమిషాలపాటు తెరిచి ఉంటుంది. అంతసేపూ ఎలక్ట్రానిక్ తెర మామూలుగా నల్లగా ఉండిపోతుంది, గాజు కిటికీ మాత్రం ఆకాశాన్ని చూపిస్తూనే ఉంటుంది. అక్కడ కన్ను కెమెరాకు ఆనించేవారు ఎటూ తక్కువ.

రేంజ్‌ఫైండర్ ఖరీదైన మొండితనం అనే మాటలో కొంత నిజముంది. కెమెరా గట్టిగా దెబ్బ తింటే మీట వెంట్రుకవాసి పక్కకు పోతుంది, తీసినదంతా మసకబారుతుంది, కిటికీలో మాత్రం అంతా సవ్యంగానే కనిపిస్తుంది. సరిచేయగల మెకానిక్కులు కొద్దిమంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో గాజుల మధ్య బూజు పడుతుంది. కళ్లద్దాలవారికి 28 మిల్లీమీటర్ల గీతల అంచులు సరిగా కనిపించవు. మీటరులోపు వస్తువులకైతే కిటికీ చూపేది ఒకటి, లెన్స్ తీసేది కొంచెం పక్కది. గీతలు ఫోకస్‌తోపాటు జరిగి ఈ తేడాను చాలావరకు సర్దుతాయి, పూర్తిగా కాదు. ఎలక్ట్రానిక్ తెరలో ఈ తేడా ఉండనే ఉండదు, బ్యాటరీ అయిపోతే తెరా ఉండదు.

రెంటినీ ఒకే కిటికీలో ఇమిడ్చే ప్రయత్నం ఫ్యూజీఫిల్మ్ చేసింది. 2011లో అమ్మకానికి వచ్చిన ఎక్స్100లో చిన్న మీట లాగితే గాజు కిటికీ తెరగా మారుతుంది. ఎక్స్-ప్రో2లో గాజు కిటికీ మూలన ఒక చిన్న తెరముక్క ఫోకస్ చోటును పెద్దదిగా చూపిస్తుంది. తెలివైన ఏర్పాటే గానీ త్రికోణం మాత్రం అందులో లేదు.

2025 అక్టోబరులో లైకా ప్రకటించిన ఎం ఈవీ1లో రేంజ్‌ఫైండర్ తీసేసి, దాని చోట 57.6 లక్షల డాట్ల తెర పెట్టారు. ముందున్న కిటికీలు పోయాయి. పాత ఎం లెన్సులు దానికీ సరిపోతాయి. వాటి వెనక చెక్కిన వంపు అలాగే ఉంది, ఆ వంపు మీద ఆనే చక్రం మాత్రం ఆ కెమెరాలో లేదు.