ఐ.ఎస్.బి.ఎన్. శోధన - తెలుగు గ్రంథాల ఉనికి: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ఆన్‌లైన్ గ్రంథసూచికలో ఐ.ఎస్.బి.ఎన్. ద్వారా పుస్తకం దొరకకపోవడానికి గల కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శోధన విఫలమైనంత మాత్రాన గ్రంథం లేదని నిర్ణయించడం పరిశోధనలో దోషమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఐ.ఎస్.బి.ఎన్., గ్రంథసూచిక, తనిఖీ అంకె, లిప్యంతరీకరణ, ముద్రణ.

1. ఉపోద్ఘాతం:
ఆత్మకూరు అనే పేరుగల ఊళ్లు తెలుగునేలపై అనేకం ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో ఒకటి, నంద్యాల జిల్లాలో ఒకటి ఉండగా, నంద్యాల జిల్లాలోనే మరొక ఊరు బండి ఆత్మకూరుగా వ్యవహారంలో ఉంది. ముందున్న 'బండి' అనే మాట ఆ ఊరిని తక్కిన ఆత్మకూర్లనుండి వేరుచేస్తుంది. ఒకే పేరుతో వెలువడే పుస్తకాల విషయంలో ఐ.ఎస్.బి.ఎన్. చేసే పని కూడా ఇదే. 1970లో అంతర్జాతీయ ప్రమాణంగా రూపొందిన ఈ సంఖ్యలో మొదట 10 అంకెలు ఉండేవి. 2007 జనవరి 1 నుండి 13 అంకెల విధానం అమలులోకి వచ్చింది. భారతదేశానికి 81, 93 అనే సంకేతాలు ఉన్నాయి.

పెద్ద గ్రంథాలయాలకు దూరంగా, బండి ఆత్మకూరు వంటి మండల కేంద్రాలలో ఉండే పరిశోధకులకు ఆన్‌లైన్ గ్రంథసూచికే తొలి ఆధారం. కాబట్టి అది చూపే 'ఫలితాలు లేవు' అన్న వాక్యాన్ని ఎలా గ్రహించాలన్నది ముఖ్యమైన ప్రశ్న.

2. సంఖ్యలో దోషాలు:
మొదట పరిశీలించవలసింది సంఖ్యనే. అడ్డగీతలు, ఖాళీలు తొలగించి వెతకాలి. పాత సంఖ్య చివర ఉండే 'ఎక్స్' 10 విలువకు గుర్తు; దానిని వదలివేయరాదు. పాత సంఖ్యకు ముందు 978 చేర్చినంత మాత్రాన కొత్త సంఖ్య సిద్ధించదు. చివరి తనిఖీ అంకెను తొలగించి, మిగిలిన 12 అంకెలను వరుసగా 1, 3లతో గుణించి కూడాలి. ఆ మొత్తాన్ని 10 గుణిజానికి చేర్చే అంకెయే కొత్త తనిఖీ అంకె. ఈ లెక్క సరిపడకపోతే దోషం ముద్రణలోనో, నకలులోనో ఉన్నట్లు.

3. నమోదులో లోపాలు:
సంఖ్య సరైనదే అయినా నమోదు లేకపోవచ్చు. సంఖ్య కేటాయింపు వేరు, దానిని సూచికలో చేర్చడం వేరు. సంపుటాలకు విడివిడి సంఖ్యలు, మొత్తం సెట్టుకు మరొక సంఖ్య ఉన్నప్పుడు సూచికలో ఒకటే నమోదై ఉండవచ్చు. అప్పుడు గ్రంథనామంతో, రచయిత పేరుతో వెతకాలి. ఇక్కడ లిప్యంతరీకరణ అడ్డుపడుతుంది. గ్రంథాలయ పద్ధతిలో 'చ'కారానికి ఇంగ్లీషు 'సి' ఒక్కటే వాడతారు. వ్యవహారంలో 'సి', 'హెచ్' కలిపి రాస్తారు. అందువల్ల చలం రచనలను ఒక రూపంలో వెతికితే మరొక రూపంలోని నమోదులు దక్కకపోవచ్చు. తెలుగు లిపిలోనూ, రెండు ఇంగ్లీషు రూపాలలోనూ వెతకడం అవసరం.

4. సంఖ్యకు పూర్వపు సాహిత్యం:
గురజాడ 'కన్యాశుల్కం' తొలి ముద్రణ 1897లో, బాగా మార్చిన మలిముద్రణ 1909లో వెలువడ్డాయి. పాఠవిమర్శకునికి ఈ రెండింటి భేదం కీలకం. రెండింటికీ ఈ సంఖ్య లేదు. నేటి పునర్ముద్రణ సంఖ్యతో వెతికితే ఆ పునర్ముద్రణే దొరుకుతుంది గాని 1897 పాఠం దొరకదు. ఇటువంటి చోట ముద్రణ సంవత్సరం, ప్రకాశకులు, పుటల సంఖ్య ఆధారాలు కావాలి.

5. సంఖ్య - విలువ:
విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2010 నిబంధనలలో అధ్యాపకుల గ్రంథాలకు పాయింట్లు కేటాయించేటప్పుడు ఈ సంఖ్యను ప్రస్తావించింది. ఇటువంటి లెక్కల వల్ల గుర్తింపు సంఖ్యను ప్రమాణముద్రగా భావించే ప్రమాదం ఉంది. సంఖ్య ఉన్నది ఏ పుస్తకమో చెబుతుంది, ఎటువంటి పుస్తకమో చెప్పదు. సంఖ్య లేని స్థానిక చరిత్రలు, శతకాలు, చిన్న ముద్రణలు పరిశోధనకు అనర్హమైనవి కావు.

6. ముగింపు:
ఐ.ఎస్.బి.ఎన్. శోధన గ్రంథాన్వేషణలో ఒక మార్గం మాత్రమే. సంఖ్య, నమోదు, లిపి, ముద్రణ అనే నాలుగింటినీ పరిశీలించిన తరువాత కూడా పరిశోధకుడు 'అలభ్యం' అని రాయదలిస్తే, ఏ సూచికలో, ఏ రూపంలో, ఏ తేదీన వెతికాడో తెలపాలి. అప్పుడే తరువాతి పరిశోధకుడు ఆ అన్వేషణను అక్కడి నుండి కొనసాగించగలుగుతాడు.