ఆముదం దగ్గర మొదలయ్యే రసాయనశాస్త్రం (ముందుమాట)

అణువుల మధ్య పనిచేసే బలాల మీద తెలుగులో ఒక పుస్తకం, అదీ పరీక్ష కోసం కాకుండా తీరిగ్గా చదువుకోవడానికి! రాతప్రతి అందగానే విషయసూచిక తిరగేశాను. లండన్ బలాలు, ద్విధ్రువ బలాలు, హైడ్రోజన్ బంధాలు అని వరసగా పేర్చి ఉంటే మూసి పక్కన పెట్టేవాణ్ణి. ఆ పేర్లు మన పిల్లలకు నోటికి వచ్చు. నీళ్లు మరిగితే ఏం తెగుతుందని అడిగితే మాత్రం సగం తరగతి హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయంటుంది. ఆవిరిలో ఉన్నదీ నీటి అణువే. తెగింది అణువుకీ అణువుకీ నడుమ ఉన్న పట్టు. అణువు లోపలి బంధంతో పోలిస్తే ఆ పట్టు బలం సుమారు ఇరవయ్యో వంతు. అంత బలహీనమైనదే లేకపోతే, తన వరసలోని హైడ్రోజన్ సల్ఫైడు లాంటి సమ్మేళనాల తీరు చూస్తే, నీరు మైనస్ 80 డిగ్రీల చుట్టుపక్కలే మరిగిపోవాలి.

మా చిరంజీవి రచయిత్రి ఈ సంగతి మొదటి అధ్యాయంలోనే తేల్చేసి, రెండోదానిలో ఆముదం సీసా తెరిచింది. నాకు పుస్తకం మొత్తంలో బాగా నచ్చిన చోటు ఇదే. వేరుశనగ నూనెలో ఎక్కువగా ఉండేది ఓలియిక్ ఆమ్లం. దాని గొలుసులో 12వ కార్బన్ మీద ఒక హైడ్రాక్సిల్ సమూహం చేరిస్తే ఆముదంలోని రిసినోలియిక్ ఆమ్లం వస్తుంది. తేడా అంతే. ఆ హైడ్రాక్సిళ్ల వల్ల అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. గది వేడిమిలో ఆముదం వేరుశనగ నూనెకు దాదాపు పదింతలు చిక్కన. ఆల్కహాల్‌లో ఇట్టే కలుస్తుంది, పెట్రోలులో మాత్రం సరిగా కలవదు. మొదటి ప్రపంచయుద్ధం నాటి విమానాల రోటరీ ఇంజన్లలో ఆముదం పోసింది అందుకే: లోపలికి వచ్చే పెట్రోలు దాన్ని కడిగేయలేదు. పాలమూరు చేలల్లో పండే గింజకూ ఆ ఇంజనుకూ మధ్య ఉన్న దారిని ఆమె ఎక్కడా తప్పిపోకుండా చూపించింది.

డచ్ భౌతికశాస్త్రవేత్త వాండర్ వాల్స్ గురించి రాసిన పేజీలు పంతులుగా బతికినవాణ్ణి గనుక నేను రెండుసార్లు చదివాను. ఆయనా బడిపంతులే. లాటిన్, గ్రీకు రాని కారణంగా చాలాకాలం విశ్వవిద్యాలయ పరీక్షలకే అర్హత లేకపోయింది. ఆ నిబంధన సడలాక, 1873లో లైడెన్‌లో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో, అణువులకు పరిమాణమూ పరస్పర ఆకర్షణా ఉన్నాయని లెక్కకట్టి చూపాడు. అణువులున్నాయా అనే సందేహం పెద్దవాళ్లకే తీరని రోజులవి. 1910లో నోబెల్ వచ్చింది.

ఇక నా ఫిర్యాదు. అయోడిన్ అధ్యాయం తొందరగా ముగిసింది. ఫ్లోరిన్, క్లోరిన్ వాయువులు, బ్రోమిన్ ద్రవం, అయోడిన్ ఘనం. ఇక్కడ హైడ్రోజన్ బంధం ఊసే లేదు. ఎలక్ట్రాన్లు ఎక్కువయ్యే కొద్దీ వాటి మబ్బు సులువుగా అటూ ఇటూ ఒరిగి, పక్క అణువును లాగుతుంది. ఆకారం కూడా లెక్కలోకి వస్తుంది: నిటారు గొలుసు పెంటేన్ 36 డిగ్రీల దగ్గర మరిగితే, అవే పరమాణువులు ముద్దగా చేరిన నియోపెంటేన్‌కు పదిలోపే చాలు, తాకే చోటు తగ్గింది కాబట్టి. ఇదంతా ఆమె ఒక పట్టిక వేసి నాలుగు వాక్యాలతో వదిలేసింది. మలి ముద్రణకు పది పేజీలు రాసి తెమ్మన్నాను, ఒప్పుకుంది.