కూతకు వెళ్లడం ఒక విద్య

కృష్ణా తుంగభద్రల నడుమ నేలను నడిగడ్డ అంటారు. జోగులాంబ గద్వాల జిల్లా వడ్డేపల్లి ఆ గడ్డ మీదిదే. తుంగభద్ర దాటితే కర్నూలు. 2003లో వచ్చిన ‘ఒక్కడు’ సినిమాలో కథానాయకుడు కర్నూలుకు వచ్చేది కబడ్డీ ఆడటానికే. ఈ ఆటకు బ్యాటు అక్కర్లేదు, బంతి అక్కర్లేదు. మెత్తటి నేల, దాని మీద నాలుగు గీతలు ఉంటే చాలు. ఖర్చు లేని ఆట కాబట్టి, ఒంట్లో బలం ఉంటే అదే వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ మాట ఈ ఆటకు అన్యాయం చేస్తుంది. కూతకు వెళ్లడం గురువు దగ్గర నేర్చుకోవలసిన విద్య.

పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఒక్కో జట్టుకు అందులో సగం. ఏడుగురు కాచుకొని ఉన్న చోటికి ఒక్కడు వెళ్తాడు. మధ్యగీత దాటకముందే కూత మొదలవ్వాలి, తిరిగి వచ్చేదాకా తెగకూడదు. ఒకప్పుడు ఊపిరి ఎంతసేపు నిలిస్తే అంతసేపు ఆట. ఇప్పుడు గడువు 30 సెకన్లు. పరుగు, వంగడం, పెనుగులాట అన్నీ ఆ ఒక్క ఊపిరి మీదే జరగాలి. అందుకే మంచి కూతగాడు గొంతు చించుకోడు. అంపైరుకు వినిపించేంత స్పష్టంగా, ఒకే లయలో పలుకుతాడు. దాచుకున్న గాలి చివరి పెనుగులాటలో అక్కరకొస్తుంది.

తర్వాతి పాఠం కాళ్లది. మధ్యగీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్ ఉంటుంది. ఎవరినీ తాకకుండా, ఆ గీత కూడా దాటకుండా వెనక్కి వస్తే కూతకు వెళ్లినవాడే అవుట్. ఇంకో మీటరు అవతల బోనస్ లైన్. ఎదుట కనీసం ఆరుగురు ఉన్నప్పుడు, ఒక కాలు ఆ గీత దాటించి, రెండో కాలు గాలిలో ఉంచగలిగితే ఒక పాయింటు. చూడటానికి తేలికే. కానీ ఆ ఒక్క క్షణం ఒంటి బరువంతా ఒకే కాలి మీద ఉంటుంది. కార్నర్‌లో కాచుకున్న ఆటగాడు చీలమండ పట్టడానికి ఎదురుచూసేది ఆ క్షణం కోసమే.

తాకడంలో ఎన్నో పద్ధతులున్నాయి. పరుగు ఆపకుండా చేత్తో తాకడం ఒకటి. వెనక కాలి మీద బాగా కుంగి, ముందు కాలిని నేల వెంబడి చాచి బొటనవేలితో తాకే టో టచ్ ఇంకొకటి. వెనుదిరిగినట్టు నమ్మించి, తరుముకొచ్చిన వాడిని మడమతో తాకే బ్యాక్ కిక్ మరొకటి. వీటన్నిటికీ ముందుండేది చూపు. ఎదుటివాడు ఏ కాలి మీద బరువు ఆనించాడో, పక్కవాడి చెయ్యి ఎప్పుడు వదిలాడో కనిపెట్టాలి. ఎడమకు వెళ్తున్నట్టు భుజం వంచి కుడికి వెళ్లాలి.

డిఫెండర్లు గొలుసు కట్టి చుట్టుముట్టినప్పుడు, వాళ్లు కలిపి పట్టుకున్న చేతుల కింద నుంచి మునిగి బయటపడే ఎత్తు ‘డుబ్కీ’. హరియాణాకు చెందిన పర్దీప్ నర్వాల్ దానితోనే పేరు తెచ్చుకున్నాడు. ప్రో కబడ్డీలో 1000 రైడ్ పాయింట్లు దాటిన తొలి ఆటగాడు అతనే. దొరికిపోయినా ఆట ముగియదు. పెనుగులాటలో కూత తెగకుండా వేలికొన మధ్యగీతను దాటిందా, పట్టుకున్న వాళ్లందరూ అవుట్. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే నియమం ఇంకొకటి ఉంది. కూతగాడు ఎదుటివాడిని అవుట్ చేసి తిరిగొస్తే, అంతకుముందు అవుటై బయట కూర్చున్న తన జట్టువాడికి మళ్లీ ఆట దొరుకుతుంది. ఒక్కడి నేర్పు ఇంకొకరికి ప్రాణం పోస్తుంది.

2014లో ప్రో కబడ్డీ లీగ్ వచ్చాక ఈ విద్య బతుకుతెరువు కూడా అయింది. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌కు 2.605 కోట్ల రూపాయలు పెట్టింది. అదే పవన్ అంతకుముందు సీజన్‌లో తమిళ్ తలైవాస్ తరఫున తొలి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి మిగతా సీజనంతా ఆడలేకపోయాడు. కోట్లు పలికే కూతగాడి బతుకు మోకాలి మీద నిలబడి ఉంటుంది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో వైడ్ రిసీవర్ పని కూడా ఇలాంటిదే. కాపుకాసే వాడిని అడుగులతో ఏమార్చి, బంతి అందుకొని, మీద పడేవాళ్లను తప్పించుకోవాలి. ఆ స్థానంలో 20 సీజన్లు ఆడి, 22,895 గజాల రికార్డు నిలిపిన జెర్రీ రైస్ మిసిసిపీలో ఒక తాపీమేస్త్రి కొడుకు. అన్నదమ్ములు విసిరిన ఇటుకలను అందుకొంటూ పెరిగాడు. పనిలో రాటుదేలిన ఆ చేతులకు మిసిసిపీ వ్యాలీ స్టేట్ విశ్వవిద్యాలయం మైదానాన్ని, కోచ్‌ని ఇచ్చింది. ఆ ఆసరాతోనే అతను 1985లో వృత్తి ఆటగాడయ్యాడు.

నడిగడ్డలోనూ కష్టం తెలిసిన ఒళ్లకు కొదవ లేదు. లేనిది మైదానం, కోచ్ అనే ఆ రెండో మెట్టు. టైటాన్స్ పేరులో తెలుగు ఉంది. కానీ ఆ జట్టుకు పేరు తెచ్చిన కూతగాళ్లలో రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ వాడు, సిద్ధార్థ్ దేశాయ్ మహారాష్ట్ర వాడు, పవన్ ఢిల్లీ వాడు. వాళ్ల ప్రతిభకు చేతులెత్తి మొక్కుతాను. మన పల్లెల్లో అలాంటి పిల్లలు లేరంటే మాత్రం ఒప్పుకోను. మట్టి మీద నేర్చిన అడుగు మ్యాట్ మీద వేరుగా పడుతుంది. బూట్ల పట్టు వేరు, మలుపు వేరు, మోకాలి మీద భారం వేరు. లీగ్ ఆడేది మ్యాట్ మీద. మట్టి మీదే ఆగిపోయిన పిల్లవాడు ఎంపికల దాకా వెళ్లినా అక్కడ తేలిపోతాడు.

వడ్డేపల్లి లాంటి చోట ఒక మ్యాట్, రోజూ వచ్చే ఒక కోచ్, మోకాలు వాస్తే చూసే ఒక ఫిజియో ఉండాలి. స్టేడియం కట్టేంత ఖర్చేమీ కాదిది. అమ్మాయిలకూ అక్కడ సమానంగా చోటుండాలి. ఆసియా క్రీడల్లో మహిళల కబడ్డీ 2010 నుంచే ఉంది. ఊరి నుంచి ఒక్కరు ఈ విద్యతో పైకి వస్తే, ఆ ఇంటి వెనుక ఇంకో పది ఇళ్లు తమ పిల్లలను మైదానానికి పంపుతాయి. ఆటను పండగ పూట వేడుకగా చూసినంత కాలం అది జరగదు. చదువుకు బడి కట్టినట్టే దీనికీ ఒక బడి కట్టాలి.