ఏ జింకకు ఏ తూటా

కారంపూడి చుట్టుపక్కల నేలకు రెండు ముఖాలు. ఒకటి బయలు: మిరప, పత్తి, కంది చేలు, మధ్యమధ్య నాపరాయి పైకి తేలిన బీళ్లు. రెండోది అడవి: దక్షిణాన బొల్లాపల్లి, పడమర వెల్దుర్తి దాటాక మొదలయ్యే నల్లమల అంచు గుట్టలు. బయలు నేల కృష్ణజింకకు ఇష్టమైనది. దుప్పికి, కణుజుకు అడవి కావాలి. జింకల వేటకు ఏ బోరు రైఫిల్ మంచిదని పాత షికారీలు గంటలకొద్దీ వాదించుకునేవారు. ఆ వాదన మొదలవ్వాల్సింది తుపాకి దగ్గర కాదు, నేల దగ్గర.

ఈ విద్య గురించి రాస్తున్నానంటే ఎవరినీ వేటకు పొమ్మని కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన దేశంలో వినోదపు వేటకు తలుపు మూసేసింది, అది న్యాయమే. కృష్ణజింక ఆ చట్టంలో మొదటి షెడ్యూలు ప్రాణి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా. తెలంగాణ చుక్కల దుప్పిని ఎంచుకుంది. వేట ఆగిపోయినా, వేటగాళ్లు తరతరాలుగా కూడబెట్టిన తెలివి వృథా కాకూడదు. ఎందుకంటే దాని సారమంతా ఒకటే: ప్రాణం తీయక తప్పనిచోట బాధ లేకుండా తీయడం, అది చేతకానిచోట తుపాకి దించేయడం.

కృష్ణజింక, మనుబోతు, కొండగొర్రె ఒక జాతి. వాటి కొమ్ములు జీవితాంతం ఉంటాయి. దుప్పి, కణుజు మరో జాతి. వాటి కొమ్ములు రాలి, మళ్లీ మొలుస్తాయి. కొత్త కొమ్ము మీద మెత్తని తోలు ఉన్నన్నాళ్లూ ఆ మగదాన్ని కొట్టకూడదని, ఆడదాన్ని ఏ కాలంలోనూ ముట్టకూడదని మంచి షికారీలు నియమం పెట్టుకున్నారు. తూటా సంగతికొస్తే కొమ్ముల కన్నా ఒళ్లు ముఖ్యం. మగ కృష్ణజింక సుమారు 40 కిలోలు, బలిసిన మగ దుప్పి 70, 80. కొండగొర్రె 20 దాటితే గొప్ప. అదే మగ కణుజు, మనుబోతు 200 కిలోలు దాటి తూగుతాయి. ఇన్నిటికీ ఒకే తూటా సరిపోదు.

బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు. రైఫిళ్లకు దాన్ని అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన చెబుతారు కాబట్టి .275, .303, .315 అని అంకెలు వినిపిస్తాయి. అంకె పెద్దదైతే దెబ్బ పెద్దదనుకోవడం పొరపాటు. తూటా బరువెంత, వేగమెంత, ఒంట్లోకి దిగాక ఎలా విచ్చుకుంటుంది అన్న మూడూ కలిస్తేనే దాని పని తెలుస్తుంది. కుమావూ కొండల్లో జిమ్ కార్బెట్ ఎంతో మక్కువగా మోసిన .275 రిగ్బీ సన్నని తుపాకి. తూటా బరువు 9 గ్రాములకు అటూ ఇటూ. కృష్ణజింక, దుప్పి లాంటివాటికి అంతకన్నా అక్కర్లేదు. తిరుపతి దగ్గరి మామండూరు అడవుల్లో పులి కోసం తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉన్నది .405 వించెస్టర్. దాని తూటా 19 గ్రాములు పైమాటే. అది మీదికి దూకే పులిని ఆపడానికి తయారైన బరువు. దాన్ని కృష్ణజింక మీద వాడితే మాంసం చెడుతుంది, భుజం అదురుతుంది, అంతకుమించి ఒరిగేదేమీ లేదు.

తూటా ముక్కు గురించి మాత్రం ఆగి చెప్పుకోవాలి, అనుభవం లేనివాళ్లు పట్టించుకోనిది ఇదే. సైనికుల తూటాకు సీసం చుట్టూ పూర్తిగా గట్టి లోహపు తొడుగు ఉంటుంది. అది జింక ఒంట్లో సన్నని దారి చేసుకుని అవతలికి దూసుకుపోతుంది. జింక పడదు, పరుగెడుతుంది. కిలోమీటరు అవతల ఏ పొదలోనో గంటల తరబడి రక్తం కారి చస్తుంది. షికారు తూటాకు ముక్కు దగ్గర సీసం బయటికి ఉంటుంది. తగలగానే అది పుట్టగొడుగులా విచ్చుకుని, మోసుకొచ్చిన బలాన్నంతా ఒంట్లోనే దించేస్తుంది. సరైన బోరు, తప్పుడు ముక్కు: ఈ జోడీ వల్ల పడ్డ బాధ అడవికే తెలియాలి.

బయలు నేలలో కృష్ణజింకకు వేటగాడు చాలా దూరం నుంచే కనిపిస్తాడు. పొలం పోయే ఎడ్లబండిని చూసి అది బెదరదు గనుక, పూర్వం బండి చాటున నడుస్తూ, నేరుగా కాకుండా వాలుగా, చుట్టు తిరిగి దగ్గరయ్యేవారు. అయినా 150, 200 మీటర్ల దూరం మిగిలేది. అంత దూరంలో తూటా నేల వైపు ఎంత దిగుతుందన్నదే అసలు ప్రశ్న. 100 మీటర్లకు గురి సరిచేసిన .30-06 రైఫిల్ నుంచి 10 గ్రాముల లోపు తూటా 200 మీటర్లకు బెత్తెడు దిగుతుంది. అలాగే సరిచేసిన .315 తూటా బరువైనది, మొద్దుముక్కుది, నెమ్మదైనది కాబట్టి జానెడుకు పైగా దిగుతుంది. కృష్ణజింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు జానెడంతే. అంటే .315తో అదే గురి పెడితే కాలు విరుగుతుంది, ప్రాణం పోదు. అందుకే బయలుకు తేలికైన, వేగమైన తూటా అన్నారు. కానీ అదే వేగం ఇంకో ప్రమాదం తెస్తుంది: గురి తప్పిన రైఫిల్ తూటా మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు. పత్తి తీసే కూలీలు, గొర్రెల కాపర్లు తిరిగే పల్నాటి పొలాల్లో జింక వెనుక మట్టిగట్టు లేకపోతే మీట నొక్కకూడదు. ఈ ఒక్క నియమం బోర్ల చర్చలన్నిటికన్నా పెద్దది.

అడవిలో లెక్క తిరగబడుతుంది. దుప్పి 50 గజాల్లో, ఒక్కోసారి అంతకన్నా దగ్గర్లో కనిపిస్తుంది. దిగుడు గొడవ లేదు. కణుజు దిట్టమైన ఎముక, మందమైన కండ ఉన్న జంతువు. దానికి బరువైన తూటా కావాలి, నెమ్మదైనదైనా ఫరవాలేదు. .315కు ఇక్కడే న్యాయం జరుగుతుంది.

మన దేశపు షికారు చరిత్రలో .315కు ఉన్నంత స్థానం మరో రైఫిల్ బోరుకు లేదు. సైన్యం వాడే .303 పౌరుల చేతికి పోకూడదని ఆంగ్ల ప్రభుత్వం కట్టడి చేసింది. స్వతంత్రం వచ్చాక 1959 ఆయుధాల చట్టం కింద కూడా అది నిషిద్ధ బోరే. దాంతో ఆస్ట్రియా సైన్యపు పాత మాన్లిషర్ తూటా .315 పేరుతో ఇక్కడ స్థిరపడింది. బెంగాల్‌లోని ఈశాపూర్ రైఫిల్ కర్మాగారం దానికి తుపాకులు చేసింది. అంటే మన షికారీలలో చాలామంది ఎంచుకున్న బోరు జంతువును బట్టి కాక లైసెన్సును బట్టి వచ్చినది. ఆ పరిమితిని తెలుసుకుని, దూరపు గురికి దాన్ని ఎత్తని వాళ్లే దానితో మంచిపేరు తెచ్చుకున్నారు.

పల్లెల్లో రైఫిల్ కన్నా ఎక్కువగా కనిపించింది 12 బోరు గుళ్ల తుపాకి. అందులో ఎల్‌జీ, ఎస్‌జీ అనే పెద్ద గుళ్ల తోటాలు వేస్తారు. 40 గజాలు దాటితే గుళ్లు చెదిరిపోతాయి. ఒకటి తొడలో, ఒకటి పొట్టలో తగిలి జింక కుంటుతూ పోతుంది. ఇక నాటు తుపాకి సంగతి: గొట్టం మూతి నుంచి మందు, ఇనుప ముక్కలు కూరి పేల్చేది. పంటకాపు పేరుతో కొందరు దాన్నీ, ఎరలో పెట్టే నాటుబాంబునూ సమర్థిస్తారు. నేను ఒప్పుకోను. దవడ పగిలిన జంతువు మేత మేయలేక రోజుల తరబడి మాడి చస్తుంది. పంట నష్టం నిజమే, దానికి ఆ శిక్ష పరిష్కారం కాదు.

దెబ్బ ఎక్కడ పడాలో అడిగితే పాతవాళ్లు తలను చూపరు. ముందుకాలు వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు. అక్కడ గుండె, ఊపిరితిత్తులు ఉంటాయి. తగిలాక వెంటనే పరుగెత్తకూడదు. అరగంట ఆగాలి. తరిమితే ఆయుష్షున్నంతసేపూ పరుగెడుతుంది, వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. తర్వాత రక్తం చదవాలి. నురుగుతో లేత ఎరుపైతే ఊపిరితిత్తి, చిక్కని ముదురు రంగైతే కాలేయం, ఆకుపచ్చని జీర కలిస్తే పొట్ట. పొట్టదైతే ఇంకా కొన్ని గంటలు ఆగాలి, కానీ వెతకడం మానకూడదు. దెబ్బతిన్నదాన్ని వదిలేసి ఇంటికి పోయినవాడిని షికారీ అనేవారు కాదు.

ఈ చదువులో నల్లమల చెంచులను మించినవారు లేరు. బాణం ములికి బలంతో పడగొట్టదు, కోసి రక్తం కార్చి చంపుతుంది. అందుకే విల్లు వాడేవాడు ఇరవై, ముప్పై అడుగుల దాకా గాలి చూసుకుంటూ చేరాలి, ఆపై జాడ పట్టుకుని నడవాలి. ఆ జాడ పట్టే నేర్పే ఈనాడు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యానికి ఆసరా. అటవీశాఖ స్థావర శిబిరాల్లో కాపలాదారులుగా పనిచేసే చెంచులు వేటగాళ్ల అడుగులనూ, ఉచ్చులనూ కనిపెడుతున్నారు.

ఆయుధాన్ని బాధ్యతగా మోయడం ఎలాగో కారంపూడిలోనే చూడొచ్చు. కార్తీక అమావాస్యకు అక్కడ పల్నాటి వీరుల ఉత్సవం మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజులు. వీరుల ఆయుధాలను వారి వారసులుగా చెప్పుకునే కుటుంబాలు ఊళ్ల నుంచి మోసుకొచ్చి పూజిస్తాయి. ఏ ఆయుధం ఏ వీరుడిదో వాళ్లకు తెలుసు, దాని బాధ్యతా తెలుసు. ఆయుధానికి పేరు పెట్టి, దాన్ని మోసేవాడిని నిష్ఠకు కట్టేసిన ఊరిది. తుపాకి లైసెన్సున్న ప్రతి ఇంట్లోనూ ఆ కట్టుబాటు ఉండాలని నా కోరిక.

వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒక సందు ఉంచింది. రెండో షెడ్యూలు జంతువు పంటకో, మనిషికో ప్రమాదమైతే అధికారి రాతపూర్వక అనుమతితో దాన్ని చంపవచ్చు. కృష్ణజింక పంట తిన్నా ఈ సందులోకి రాదు. అడవిపందికి అలా అనుమతి దొరికిన రైతు నన్నడిగితే చెప్పేది ఇదీ: నాటు తుపాకి పక్కన పెట్టి, గురి తెలిసిన లైసెన్సుదారును పిలవండి. .315 చాలు, మెత్తని ముక్కు తూటా వేయాలి. 60 గజాలు మించకూడదు. చేలో మంచె మీద నుంచి కిందికి గురి పెట్టాలి, గురి తప్పినా తూటా మట్టిలోనే దిగేలా.