పక్కవాడి నోటుపుస్తకం

అబ్బాస్ కియారొస్తామీ 1987లో తీసిన 'నేస్తం ఇల్లెక్కడ?' సినిమా కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఉత్తర ఇరాన్‌లోని కోకర్ పల్లెలో అహ్మద్ అనే చిన్న పిల్లవాడు, బడిలో తన పక్కన కూర్చునే నేస్తం నోటుపుస్తకాన్ని పొరపాటున ఇంటికి తెచ్చేసుకుంటాడు. ఇంకోసారి హోంవర్క్ నోటుపుస్తకంలో రాయకపోతే బడినుంచి పంపేస్తానని మాస్టారు ఆ నేస్తాన్ని ఆ పొద్దునే ఏడిపించి ఉన్నాడు. నేస్తం ఉండేది కొండ అవతల, పోష్తేలో. ఇల్లు ఏదో అహ్మద్‌కు తెలియదు. అయినా వెళ్తాడు.

అమ్మతో అతని సంభాషణ చూడండి. ఆవిడ బట్టలు ఉతుకుతుంటుంది, చంటిబిడ్డ ఏడుస్తుంటుంది. రెండు పుస్తకాలూ ఒకేలా ఉన్నాయని, ఇచ్చి రాకపోతే నేస్తాన్ని వెళ్లగొడతారని అహ్మద్ చెబుతాడు. ముందు హోంవర్క్ రాసుకోమంటుంది అమ్మ. మళ్లీ చెబుతాడు. మళ్లీ అదే జవాబు. ఇంకో దర్శకుడైతే రెండు మాటల్లో ముగించేవాడు. కియారొస్తామీ మాత్రం అదే విన్నపాన్ని, అదే జవాబును మనకు ఊపిరాడనంతసేపు తిప్పుతాడు. ఆ అమ్మ చెడ్డమనిషి కాదు, చేతినిండా పని ఉన్న మనిషి. పిల్లవాడి మాట చెవిన పడుతూనే ఉంటుంది, లోపలికి మాత్రం పోదు. మన ఇళ్లలో రోజూ సాయంత్రం జరిగేది ఇదే కదా!

తాతయ్య ఘట్టం ఇంకా పదునైనది. జేబులో సిగరెట్లు ఉండగానే ఆయన అహ్మద్‌ను సిగరెట్లకు పంపుతాడు, చెప్పిన మాట వినడం నేర్పడానికట. అక్కడే ఇనుప తలుపులు అమ్మే ఒకాయన లెక్క రాసుకోవడానికి కాగితం కావాలని, పిల్లవాడు వద్దంటున్నా వినకుండా ఆ నోటుపుస్తకంలోంచే చింపుకుంటాడు. క్రమశిక్షణ గురించి అంతసేపు మాట్లాడిన పెద్దల్లో ఒక్కరికీ అది తప్పనిపించదు. సంగీతం పెంచి మనల్ని హెచ్చరించడు దర్శకుడు. కాగితం చిరిగిన చప్పుడు చాలంటాడు.

కొండమీది మెలికల దారిని ఈ సినిమా కోసమే వేయించారు. అహ్మద్ దానిమీద పరుగెత్తుతుంటే కెమెరా దూరంగానే ఉండిపోతుంది. అంత పెద్ద కొండమీద అంత చిన్న మనిషి. అయినా అతనికి అది కొండ కాదు, నేస్తం ఇంటికి దారి. సాయం చేసేముందు మనం వేసుకునే లెక్కలు, ఎంత దూరం, మనకేం పని, వాడు మనకేమవుతాడు అనేవి, అహ్మద్ తలలో లేనేలేవు.

నాకు అన్నిటికన్నా నచ్చినది పోష్తేలోని ముసలి వడ్రంగితో నడక. జీవితమంతా చెక్క తలుపులు, కిటికీలు చేసిన మనిషి. ఊళ్లో ఒక్కొక్కరే ఇనుప తలుపులకు మారిపోతున్నారు. ఇల్లు చూపిస్తానని వెంట వస్తాడు. చీకటి పడుతోంది, పిల్లవాడికి తొందర, ఆయన కాళ్లకు ఓపిక లేదు. తీరా చూపించిన ఇల్లు వేరేవాళ్లది. అహ్మద్ ఆ సంగతి చెప్పడు. పుస్తకాన్ని చొక్కా లోపల దాచుకుని, పని అయినట్టే తిరిగొస్తాడు. అంత దూరం తనకోసం నడిచిన ముసలాయన మనసు నొచ్చుకోకూడదు. ఆ మర్యాద అతనికి ఎవరూ నేర్పలేదు. ఇంటికొచ్చి, రాత్రి కూర్చుని నేస్తం హోంవర్క్ కూడా తనే రాస్తాడు.

1990 జూన్‌లో భూకంపం ఆ ప్రాంతాన్ని నేలమట్టం చేసింది. అహ్మద్‌గా, నేస్తంగా నటించిన పిల్లలు నిజజీవితంలో అన్నదమ్ములు. వాళ్లు ఏమయ్యారో తెలియక కియారొస్తామీ కారులో బయల్దేరాడు. ఆ ప్రయాణంలోంచి 1992లో 'జీవితం సాగుతూనే ఉంది' పుట్టింది. అందులో దర్శకుడి పాత్రధారి కొడుకును వెంటబెట్టుకుని, పాత సినిమా పోస్టరు చూపిస్తూ దారిలో కనిపించినవాళ్లను పిల్లల జాడ అడుగుతుంటాడు. తాను అహ్మద్ చేత చేయించిన పనినే ఈసారి నడివయసు మనిషి చేత చేయించాడు దర్శకుడు. పిల్లలిద్దరూ బతికే ఉన్నారు. 1994లో వచ్చిన 'ఆలివ్ చెట్ల గుండా' సినిమాలో, కాస్త ఎదిగి, మళ్లీ కనిపిస్తారు.