ఫోర్కుకి లేని రంధ్రం

కిందటి వేసవిలో అమెరికాలో తమ్ముడి గ్యారేజీలో ఒక పాత జపాన్ సైకిల్ ఫ్రేమును విప్పి శుభ్రం చేస్తూ కూర్చున్నాను. సన్నటి ఉక్కు గొట్టాలు, అవి కలిసేచోట ఆకురాయి పట్టి నునుపు చేసిన లగ్గులు. అడుగున చిన్న అచ్చు: ఎన్‌జేఎస్. ముందు ఫోర్కుకి బ్రేకు బిగించే రంధ్రం మాత్రం లేదు. "డ్రిల్లు పెట్టేద్దాం అన్నయ్యా" అన్నాడు వాడు. నాకు చెయ్యాడలేదు.

ఆ రంధ్రం లేకపోవడానికి కారణం పందెం కాసేవాళ్లు. 1948లో జపాన్‌లోని కొకురాలో మొదలైన కెయిరిన్ సైకిల్ పందేలు యుద్ధంలో చితికిన ఊళ్లకు డబ్బు సమకూర్చడానికి పెట్టినవి. ట్రాకు మీద తొమ్మిది మంది. ఒకటే గేరు, బ్రేకుల్లేవు, చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరగాల్సిందే. డబ్బు కాసేవాడు రైడరు కాళ్ల సత్తువనీ ఎత్తుగడనీ లెక్కేసుకుంటాడు. ఫలానావాడు సైకిల్ వల్ల గెలిచాడన్న అనుమానం వస్తే రేపు టికెట్ కొనడు. అందుకే ఫ్రేము నుంచి గొలుసు దాకా ప్రతిదానికీ ఎన్‌జేఎస్ అనే ఆమోదముద్ర ఉండాలి. ఒలింపిక్ ట్రాకు సైకిళ్లు కార్బన్‌కి మారిపోయినా అక్కడ ఉక్కు ఫ్రేములూ, పాదాన్ని పట్టీతో బిగించే పెడళ్లూ ఉండిపోయాయి.

ఇది వెనకబాటే అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోను. ఒక్కో రైడరు ఒంటికొలతకి ఒక్కో ఫ్రేము కట్టే చిన్న వర్క్‌షాపులకి ఇన్నేళ్లూ అన్నం పెట్టింది ఆ కట్టుబాటే. 1977 నుంచి 1986 దాకా వరసగా 10 సార్లు ప్రపంచ స్ప్రింట్ విజేత అయిన కోయిచి నకానోకి ఫ్రేములు కట్టిన యోషియాకి నాగసావా ఆ కోవలోని పనివాడే.

2000 దాటాక న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో, లండన్ కుర్రకారు ఈ ఒంటిగేరు సైకిళ్లంటే పడిచచ్చారు. జపాన్ రైడర్లు వాడి పక్కనపెట్టిన ఫ్రేములు సముద్రాలు దాటాయి. అది చూసి కంపెనీలు వీధికోసమే ట్రాకు సైకిళ్లు చేశాయి: ఫోర్కుకి రంధ్రం, నీళ్లసీసా బిగించే చోటు, కాస్త లావు టైరు పట్టే సందు. పేరుకే ట్రాకు సైకిల్, ట్రాకెక్కేది తక్కువ. అయినా ఒంటిగేరు సరదాని ఎందరికో అందించింది అదే, ఆ మాట ఒప్పుకోవాలి.

జపాన్‌లోనూ గాలి మారుతోంది. చిబాలో 2021లో మొదలైన 250 మీటర్ల చెక్క ట్రాకు పందేల్లో కార్బన్ సైకిళ్లే పరుగెత్తాయి. కొత్త ప్రేక్షకులకి కావలసింది వేగం. నాగసావా లాంటివాళ్ల ఆకురాళ్లకి ఇకముందు ఎంత పని దొరుకుతుందోనని నాకు దిగులుగా ఉంది.

తమ్ముడు చివరికి రంధ్రమున్న వేరే ఫోర్కు కొని బ్రేకు బిగించుకున్నాడు. పాతదాన్ని నేనే నూనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టి వచ్చాను.